సైలస్ బెర్డెట్ కూనిరాగం

సైలస్ బెర్డెట్ పేరు మీరు విని ఉండరు. తెర మీద ఆ పేరు పడడమే తక్కువ. పడినప్పుడు కూడా ఒకసారి బర్డెన్ అని పడింది, ఇంకోసారి బెర్నెట్ అని పడింది. ఆ బెర్నెట్ అన్న పేర్ల అట్టకి అక్షరాలు కూర్చింది తనేననీ, పై నుంచి వచ్చిన కాగితంలో తప్పు చూసి కూడా దిద్దలేదనీ చాలా ఏళ్ల తర్వాత నాకు చెప్పాడు. "దిద్దితే ఏమంటారు? చెవిటోడు తన పేరు తనే అచ్చు గుద్దుకున్నాడంటారు" అన్నాడు.

అన్నాడంటే చేతులతో అన్నాడు. పసితనంలో కాన్సస్‌లో ఒళ్లంతా ఎర్రగా పేలి జ్వరం వస్తే, అది తగ్గేసరికి అతనికి రెండు చెవులూ పోయాయి. మా అమ్మా నాన్నా కూడా వినబడనివాళ్లే. నాకు నోటి మాట కంటే చేతి మాట ముందు వచ్చింది. అందుకని సైలస్ అన్నవీ, అతని భార్య ఓపల్ అన్నవీ ఇక్కడ మామూలు మాటల్లాగే రాస్తున్నాను. నాకు అవెప్పుడూ మాటలే.

పందొమ్మిది వందల పదమూడులో మా సినిమా కంపెనీ లాస్ ఏంజెలెస్ శివార్లలో, ఎడెన్‌డేల్‌లో ఉండేది. నాలుగు రేకుల కొట్టాలు, ఆరుబయట ఒక చెక్క వేదిక, ఎండ మరీ మొహం మీద పడకుండా పైన తెల్లగుడ్డ. ఒక కొట్టంలో కూర్చుని నేను ఫిల్ము కత్తిరించి అతికించేదాన్ని. పక్క గదిలో మాటల అట్టలు అచ్చయ్యేవి. మూకీ బొమ్మల్లో కాసేపటికొకసారి నల్లగా వచ్చి, "ఇక ఈ ఇంట నీకు చోటు లేదు" అని చెప్పి పోతాయే, ఆ అట్టలు. వాటికి అక్షరాలు కూర్చడానికి కుదిరిన మనిషి సైలస్. పొడుగ్గా, పుల్లలా, దిగాలు మొహంతో ఉండేవాడు. ఆ మొహం అతనికి పుట్టుకతో వచ్చింది కానీ లోపల దిగులేమీ ఉండేది కాదు.

వచ్చిన మొదటివారంలోనే, బయట హీరోయిన్ నడిచిపోతుంటే అతను గుమ్మంలో నిలబడి తనలో తాను చేతులతో గొణుక్కోవడం చూశాను. ఆవిడ బాతులా నడుస్తోందట. చుట్టూ ఎవరికీ అర్థం కాదని ధీమా. నేను కత్తెర పక్కన పెట్టి, "బాతు కాదు, సీమకోడి" అన్నాను. మనిషి మొహం పాలిపోయింది. తర్వాత మెల్లగా ఒక చిరునవ్వు వచ్చింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని నా కొట్టానికే వచ్చేవాడు.

మా దర్శకుడు గస్ హావర్లీ. పెద్ద పొట్ట, ఆరిపోయిన చుట్ట, చేతిలో గొట్టం బాకా. పూర్వం ఊరూరా గుడారం నాటకాలు వేసి తిరిగినవాడు. కోపం వస్తే టోపీ తీసి కిందేసి తొక్కేవాడు. ఒకరోజు భోజనాల వేళ సైలస్ వాకిట్లో గస్‌ని అనుకరించాడు. పొట్ట ముందుకు తోశాడు, లేని చుట్ట నమిలాడు, లేని టోపీ తొక్కాడు. వడ్రంగులూ గుర్రాలవాళ్లూ పడీపడీ నవ్వారు. ఉన్నట్టుండి అందరి నవ్వూ ఆగిపోయింది. అది సైలస్‌కి వినపడదు కదా, టోపీ తొక్కుతూనే ఉన్నాడు. ఎదురుగా ఉన్న మొహాలన్నీ మారిపోవడం చూసి అప్పుడు వెనక్కి తిరిగాడు. గస్ నిలబడి ఉన్నాడు.

గస్ నన్ను పిలిపించి, ఇతను తననెందుకు వెక్కిరిస్తున్నాడో అడగమన్నాడు. సైలస్ దాచలేదు. ఈ కంపెనీలో చూడదగ్గ పొట్ట ఒక్కటే ఉంది, అది ఆయనది, నేనేం చేసేది అన్నాడు. మీ నడక బాగుందంటున్నాడని నేను చెప్పాను.

"అమ్మాయ్, నువ్వు తగ్గించి చెప్తున్నావు. వాడి చెయ్యి పొట్ట మీద చాలాసేపుంది" అన్నాడు గస్.

మర్నాడు తాకట్టు కొట్టువాడి వేషం వేయాల్సిన మనిషి తాగి పడిపోయి రాలేదు. గస్ అచ్చుగది తలుపు తోసి, సిరా చేతులతో ఉన్న సైలస్‌ని చొక్కా పట్టుకుని తీసుకుపోయాడు.

అప్పట్లో అందరూ చేతులు బారలు చాపి, గుండెలు బాదుకుని, కళ్లు తిప్పి నటించేవాళ్లు. సైలస్ అవేమీ చెయ్యలేదు. కుర్ర విధవ ఒకతె పెళ్లి ఉంగరం తాకట్టు పెట్టడానికి వస్తుంది. అతను ఉంగరం తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు, ఆమె వేలు మీద తెల్లగా మిగిలిన గుర్తు చూశాడు, మళ్లీ ఉంగరం చూశాడు. అంతే. మాట వినపడని మనిషి బతుకంతా ఎదుటివాళ్ల మొహాలు చదవడంతోనే గడుస్తుంది. ఏ కదలిక ఎంత పలుకుతుందో అతనికి తెలుసు. వెలుగుపెట్టె మీద ఆ ఫిల్ము చూసి నేను కాసేపు కత్తిరించలేకపోయాను.

గస్ బాకా అతనికి పనికిరాదు కాబట్టి వాళ్లిద్దరూ వేరే దారి కనిపెట్టుకున్నారు. గస్ బూటుతో చెక్క వేదిక మీద ఒకసారి కొడితే తిరగాలి, రెండుసార్లు కొడితే వెళ్లిపోవాలి. ఆ అదురు అరికాళ్లకి బాగా తగలాలని సైలస్ తన బూట్ల అడుగు అట్టలు చెప్పులు కుట్టేవాడి చేత పలచగా చెక్కించుకున్నాడు. వాన కురిస్తే మేజోళ్లు తడిసిపోయేవి.

అలా పదిహేనేళ్లు నడిచింది. జైలరు, పాదిరి, శవపేటికల వ్యాపారి, హోటల్ గుమాస్తా, ఉరి తీసేవాడు, మంచం మీద చచ్చిపోయే తాతయ్య. చచ్చిపోవడంలో అతన్ని మించినవాడు లేడు. అతను చస్తుంటే కథానాయకుడి వైపు ఎవరూ చూసేవారు కాదు, అందుకని పెద్ద నటులకి అతనంటే పడేది కాదు.

మంచివాడే కానీ గర్వం కూడా తక్కువ లేదు. గుంపులో నిలబెడితే ఎలాగో అలా అరడుగు ముందుకి జరిగేవాడు. బొమ్మ విడుదలయ్యాక హాలుకెళ్లి, తన ముక్క పోయిందని చూస్తే నా మీద అలిగేవాడు. ఒకసారి కొట్టంలోకి వచ్చి, "పెళ్లి సీనులో నా భుజం ఉండాలి. ఎక్కడికి పోయింది?" అని నిలదీశాడు. గస్ తీసేయమన్నాడని చెబితే నమ్మలేదు. వారం పాటు నా వైపు చూడలేదు. చేతుల్తో మాట్లాడే మనిషి అలిగితే చూపు తిప్పుకుంటాడు, ఇక మనం ఏం చెప్పినా అతనికి చేరదు. అంతకన్నా గట్టి తలుపు లేదు.

ఓపల్‌ని అతను దుస్తుల విభాగంలోనే చూసి పెళ్లి చేసుకున్నాడు. ఆమె కూడా వినబడనిదే. పొట్టిగా, చురుగ్గా, నోట్లో గుండుసూదులు పెట్టుకునే ఉండేది. నోటితో ఆమెకేమీ పని లేదు కనక, గుండుసూదులున్నా వాగుడు ఆగేది కాదు. "ఇంట్లో కూడా నాకు అడ్డంగా నిలబడతాడు పిల్లా, కెమెరా ఎక్కడుందా అని వెతుక్కుంటూ" అనేది నాతో, అతను చూస్తుండగానే.

మా పేట బయట ఎవరికీ తెలియకపోయినా, దేశంలో వినబడనివాళ్లందరికీ సైలస్ తెలుసు. వాళ్లకి మూకీ సినిమా అంటే ప్రాణం. హాల్లో వినేవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చూసిందంతా చూసి, వాళ్లు నవ్వినప్పుడే నవ్వగలిగిన చోటు అదొక్కటే. పైగా తెర మీద తమ మనిషి ఒకడున్నాడు. ఆ మురిపెం సైలస్ తలకెక్కింది. మెల్లగా వేషాల్లో దొంగతనంగా సైగలు కలపడం మొదలుపెట్టాడు. పాదిరిగా బైబిలు మీద చెయ్యి పెట్టి, రెండు వేళ్లతో "ఈ గడ్డం దురద" అనేవాడు. నేను చూసి కూడా కత్తిరించలేదు. నాకూ సరదాగానే ఉండేది.

ఒక పెద్ద ఏడుపు బొమ్మలో అతనికి జడ్జి వేషం ఇచ్చారు. నిరపరాధి కుర్రాడికి ఉరిశిక్ష వెయ్యాలి, కింద తల్లి మోకాళ్ల మీద పడి ఏడవాలి. గస్ ఆ తల్లి వేషం వేసిన పిల్లని పొద్దుటి నుంచి ఏడిపిస్తూనే ఉన్నాడు, ఎవరికీ భోజనం లేదు. జడ్జి బల్ల మీద చెయ్యి పెట్టి, తీర్పు చదువుతున్నంత గంభీరంగా, "తొందరగా ఉరి తియ్యండి, ఈ లావుపాటాయన మమ్మల్ని ఆకలితో చంపేస్తున్నాడు" అన్నాడు.

బొమ్మ షికాగోలో ఆడినప్పుడు వినబడనివాళ్లు హాలు సగానికి సగం వచ్చి కూర్చున్నారు. తల్లి మోకాళ్ల మీద పడింది. హాల్లో వినేవాళ్లంతా రుమాళ్లు తీశారు, మిగతా సగం కుర్చీల్లోంచి జారిపడేలా నవ్వారు. మరుసటి ఆట కూడా అంతే. హాలు యజమాని అవమానంగా భావించి, పంపిణీ కంపెనీ మనిషిని నేరుగా గస్ దగ్గరికి పంపాడు. గస్ ఆ రీలు నా కొట్టంలో వేయించుకుని చూశాడు. అతనికి సైగలు రావు కానీ పదేళ్లుగా సైలస్‌ని చూస్తున్నాడు.

సైలస్‌ని పిలిచి, "నా గురించి ఏమన్నావు?" అన్నాడు. నేను మధ్యలో నిలబడ్డాను. ఈసారి తగ్గించి చెప్పొద్దన్నాడు గస్. చెప్పాను.

గస్ టోపీ తియ్యలేదు, అరవలేదు. అందుకే నాకు భయం వేసింది. "ఆ పిల్ల నా కోసం రోజంతా ఏడ్చింది సైలస్. నువ్వు నన్నంటే ఫరవాలేదు. ఆమె ఏడుపు మీద నవ్వించావు" అన్నాడు.

సైలస్ అంతకు ముందు అలా ఆలోచించలేదు. మొహం ఎర్రబడింది. ఆ మధ్యాహ్నమే ఆ నటి దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లి క్షమించమన్నాడు. ఆమె ఇంకా షికాగో సంగతి విననే లేదు, విన్నాక నిజంగానే ఏడ్చింది. గస్ అతన్ని ఎండాకాలమంతా అచ్చుగదికి పంపేశాడు. తర్వాత శవయాత్ర సీను ఒకటి వచ్చింది. శవాన్ని మోయడానికి సైలస్ అంత దిగాలు మొహం ఎక్కడా దొరకలేదు, మళ్లీ పిలిచాడు.

టాకీలు వచ్చినప్పుడు మా కంపెనీ పెద్ద సిమెంటు భవనంలో ఉంది. చప్పుడు రాకుండా వేదిక గోడలకి బొంతలు కుట్టారు. తుమ్మితే తిట్లు. గస్‌కి ఒక టాకీ ఇచ్చారు, కుదిరితే ఉంటాడు, లేకపోతే పోతాడు. అతను పట్టుబట్టి సైలస్‌కి బట్లరు వేషం ఇప్పించాడు. మాట ఒక్కటి లేదు, పళ్లెం తెచ్చి పెట్టి, ఒక చూపు చూసి వెళ్లాలి. బూటుతో నేల కొట్టడం ఇక కుదరదు కనక, కెమెరా పక్కన నేను నిలబడి సైగ చెయ్యాలి.

శబ్దం పట్టే ఇంజనీరు ట్రింబుల్ అనే యువకుడు, గాజుగదిలో చెవులకి డిప్పలు పెట్టుకుని కూర్చుంటాడు. మొదటి షాటు మధ్యలోనే బయటికి వచ్చి, ఏదో మోగుతోంది అన్నాడు. దీపాలు ఆర్పి చూశారు. తీగలు మార్చారు. తేనెటీగ దూరిందేమోనని బొంతలు దులిపారు. మళ్లీ షాటు, మళ్లీ మోత. పొయ్యి మీద కెటిల్ మరగబోయే ముందు లోపల సన్నగా ఊదుతుందే, అలాంటిది.

నాకు మొదటి మోతకే తెలిసింది. గస్‌కీ తెలిసింది. అది సైలస్. తాకట్టు కొట్టు వేషం నాటి నుంచీ అంతే, వేషంలో లీనమైతే అతని గొంతులోంచి ఒక కూనిరాగం వచ్చేది. ఒకటే స్వరం, హెచ్చూ తగ్గూ లేదు. ఎడెన్‌డేల్‌లో అందరికీ అది అలవాటే. "సైలస్ మోగుతున్నాడు, కెమెరా ఆపొద్దు" అనేవాడు గస్. మూకీలో దానివల్ల నష్టమేముంది? అతనికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

గస్ కుర్చీలో కూలబడి నా వైపు చూశాడు. "నువ్వే చెప్పాలి వెర్నా. నాకు ఆ భాష రాదు" అన్నాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, "వచ్చినా చెప్పలేను" అన్నాడు.

బయట మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. "ఆ మోత నీదే సైలస్."

అతను కాళ్ల వైపు చూసుకున్నాడు. "బూట్లు కిర్రుమంటున్నాయా? విప్పేస్తా."

"బూట్లు కాదు. నీ గొంతు. వేషంలో ఉంటే కూనిరాగం తీస్తావు."

"నేనా? ఎప్పట్నించి?"

"మొదటి రోజు నుంచి."

మెడ మీద చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ చెయ్యి తీస్తే కానీ మాట్లాడలేడు. చివరికి తీసి, "బాగుంటుందా?" అన్నాడు.

బాగుంటుందన్నాను. అది నిజమే. బాగుంటే మరి ఎందుకొద్దంటున్నారు అని అడిగాడు.

లోపలికి వచ్చి పళ్లెం పట్టుకుని మళ్లీ చేశాడు. పళ్లు బిగించి గొంతు నొక్కిపెట్టాడు. మోత ఆగింది, దానితో పాటు సైలస్ కూడా ఆగిపోయాడు. పళ్లెం తెచ్చింది ఒక గుంజ, చూసింది ఒక గుంజ. మూడోసారికి అందరికీ అర్థమైపోయింది. మోత మీద సంగీతం వేసి కప్పేద్దామని గస్ పైవాళ్లని బతిమాలాడు, వాళ్లు ఒప్పుకోలేదు. సైలస్ తనంత తనే కోటు విప్పి, మడత పెట్టి, దుస్తుల వాళ్లకి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం నేనూ వాళ్లింటికి వెళ్లాను. ఓపల్ బీన్స్ కూర వడ్డించి, సంగతంతా తెలుసుకుని, అతన్ని లేవమంది. ఛాతీ మీద అరచెయ్యి ఆనించి, తాకట్టు కొట్టువాణ్ణి చెయ్యమంది. అతను చేశాడు, మోగాడు. ఆమె చెయ్యి తీసి కళ్లు తుడుచుకుంది.

"ఇదా? ఇది నాకు తెలుసు. నిద్దట్లో కూడా వస్తుంది. గుండె జబ్బనుకుని, నీకు చెబితే బెంగెట్టుకుంటావని ఇన్నేళ్లూ ఉప్పు తగ్గించి వండుతున్నా."

సైలస్ ఆమెని చూశాడు, కూర గిన్నెని చూశాడు. "అందుకా కూరలు అంత చప్పగా ఏడుస్తాయి" అని లేచి వెళ్లి ఉప్పు తెచ్చుకున్నాడు. ఇద్దరూ నవ్వారు, ఆ తర్వాత అతను తలుపు వేసుకుని పడుకున్నాడు. మూడు రోజులు ఎవరి వైపూ చూడలేదని ఓపల్ చెప్పింది.

తర్వాత ఒక పత్రిక అచ్చుశాలలో పని దొరికింది. యంత్రాల హోరులో వినేవాళ్ల చెవులు చెడిపోతాయి కానీ, మావాళ్లకి ఆ భయం లేదు కదా, అక్కడ చాలామంది ఉండేవాళ్లు. పని దొరికింది కానీ వాళ్లందరికీ సినిమా పోయింది. తెర మీద పెదవులు కదులుతాయి, మాటల అట్టలు రావు. టికెట్టు కొనుక్కుని వెళ్లి, వినేవాళ్లు ఎందుకు నవ్వుతున్నారో తెలియక బయటికి వచ్చేసేవాళ్లు. ఫర్నిచరు దుకాణం పైన వాళ్ల సంఘం హాలు ఉండేది. శనివారాలు అక్కడ పేకాట తప్ప ఏమీ మిగల్లేదు. సైలస్ పేకాటలో మోసం చేస్తాడని అందరికీ తెలుసు కనక అతన్ని ఆడనిచ్చేవారు కాదు.

ఒకరోజు నా దగ్గరికి వచ్చి, కొత్త టాకీకి నాతో వస్తావా అన్నాడు. మధ్యాహ్నం ఆటకి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాం. చీకట్లో తెర మీదవాళ్ల మాటలు అతని అరచేతిలో వేళ్లతో చెప్పుకుంటూ పోయాను. రెండోసారి కూడా చూశాడు. శనివారం సంఘం హాల్లో బల్లలు పక్కకి జరిపించి, ఆ బొమ్మ మొత్తం ఒక్కడే ఆడి చూపించాడు. కథానాయకుడు తనే, పడవ ఎక్కి వెళ్లిపోయే ప్రియురాలు తనే, సముద్రం తనే. పదిహేనేళ్లు అరడుగు ముందుకి జరగడానికి తిప్పలు పడ్డ మనిషికి వేదికంతా దొరికింది. ఆడుతున్నంతసేపూ గట్టిగా మోగాడు. వద్దనేవాళ్లు ఎవరూ లేరు, ఆ హాల్లో అది విన్నదాన్ని నేనొక్కదాన్నే.

దాని తర్వాత ఏ శనివారమూ ఖాళీ పోలేదు. శాన్ డియాగో నుంచి కూడా రైలెక్కి వచ్చేవాళ్లు. కొందరు అతని ఆట చూసి అసలు బొమ్మకి వెళ్లి, నిరాశగా తిరిగొచ్చారు. అప్పటికి పని పోయిన గస్ ఒకసారి వచ్చి వెనక నిలబడ్డాడు. ఏం అర్థమైందని అడిగాను. "అంతా. కానీ పడవ సీను సాగదీశాడు, చెప్పు వాడికి" అన్నాడు. చెప్పాను. సైలస్ ఒప్పుకోలేదు, వచ్చేవారం మాత్రం తగ్గించాడు.

ముప్పై ఎనిమిదిలో ఒక పెద్ద స్టూడియో నుంచి కబురొచ్చింది. గడియారాలు బాగుచేసే చెవిటాయన కథ తీస్తున్నారు, రమ్మన్నారు. సైలస్ గడ్డం గీయించుకుని, మంచి కోటు వేసుకుని వెళ్లాడు. వేషం వినే కుర్ర నటుడికి ఇచ్చేశారట. అతనికి సైగలు నేర్పడానికి పిలిచారట. వెనక్కి వచ్చేస్తాడనుకున్నాను. రాలేదు. నెలంతా వెళ్లి ఓపిగ్గా నేర్పాడు. కుర్రాడు మంచివాడే, రోజూ అతనికి కాఫీ తెచ్చిచ్చేవాడు.

"ఎలా చేస్తున్నాడు?" అని ఓపల్ అడిగింది.

"కష్టపడుతున్నాడు పాపం" అన్నాడు సైలస్. "చేతులకే నత్తి."

ఆ బొమ్మ విడుదలయ్యాక సంఘం హాల్లో నిలబడ్డానికి చోటు లేదు. సైలస్ ఆ రోజు గడియారాల చెవిటాయన వేషం వెయ్యలేదు. చెవిటివాడిగా నటిస్తున్న వినే కుర్రాడి వేషం వేశాడు. తలుపు చప్పుడు విని ఉలిక్కిపడి, విననట్టు సర్దుకునేవాడు. "నిన్ను ప్రేమిస్తున్నాను" అనబోయి, "నీ మేకని అమ్ముతాను" అనేవాడు. ముసలివాళ్లు నవ్వలేక కడుపు పట్టుకుని బయటికి వెళ్లారు. చివరికి కుర్రాడు గడియారం చెవి దగ్గర పెట్టుకుని, అలవాటుకొద్దీ టిక్కుటిక్కు విని, ఎవరైనా చూశారా అని భయంగా అటూ ఇటూ చూస్తాడు. అక్కడికి వచ్చేసరికి సైలస్ మొహంలో ఆ కుర్రాడి మీద ఎంత జాలి ఉందంటే, హాలంతా నవ్వు మాని చూస్తూ కూర్చుంది.

యుద్ధం మూడో ఏట గుండె ఆగి పోయాడు. జబ్బు నిజంగానే గుండెలో ఉందని డాక్టరు అన్నాడు. సమాధి దగ్గర ఎంతమందో చేతులు లేపి అతని గురించి మంచి మాటలు చెబుతుంటే, ఓపల్ నన్ను మోచేత్తో పొడిచింది. "మరీ ఇంత మంచోడేం కాదు" అంది. "దాచుకున్న పేకముక్కలు ఇంకా సోఫా కింద దొరుకుతున్నాయి."